దానియేలు ఉండిపోయిన ఏడాది

దానియేలు అన్న పోయాడన్న కబురు నాకు ఆలస్యంగా అందింది. సమాధి చేసే వేళకు వెళ్లలేకపోయాను. ఆదరణ కూడికకు మాత్రం పొద్దున్నే రైలెక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగాను. ఇంటి ముందు టెంటు వేశారు. పాస్టరు గారు ఆయన గురించి చెప్పిన నాలుగు మాటలూ మంచివే. కష్టజీవి అన్నారు, ఎవరితోనూ మాట పడని మనిషి అన్నారు, సంఘ పెద్దగా చాలా ఏళ్లు సేవ చేశాడన్నారు. బంతి మాట ఎక్కడా రాలేదు. భోజనాలయ్యాక ఆయన భార్య సుగుణమ్మ నన్ను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా అడిగింది. "వదినె, ఆయన బంతాట మంచిగ ఆడెటోడని ఎవరో అన్నరు. ఒక్కపారి నేనే అడిగిన. చిన్నప్పుడు అందరు ఆడుతరు గాదే అన్నడు. నిజంగ ఆడెటోడా?" నలభై ఏళ్ల కాపురం చేసిన మనిషికి ఆ సంగతి తెలియదు. ఆడేవాడు వదినె అన్నాను. అంతకంటే చెప్పడానికి నోరు రాలేదు. చెప్పవలసినదంతా ఇప్పుడు రాస్తున్నాను.

వరంగల్‌లో అందరికీ తెలిసిన పెద్ద మిల్లు కాదు మాది. ఊరి చివర ఒక చిన్న నూలు మిల్లు, దాని వెనక రెండు వరుసల క్వార్టర్లు, ఆ వెనక ఎర్రమట్టి గ్రౌండు. మా బాపు జోసెఫ్ ఆ మిల్లులో జాబర్, అంటే ఒక వరుస యంత్రాలకూ వాటి మీద పనిచేసే వాళ్లకూ పెద్ద. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమల మీద, చెవుల మీది వెంట్రుకల మీద తెల్లటి దూది నుసి పేరుకొని ఉండేది. అమ్మ ఆయన్ని గడప దాటనిచ్చేది కాదు. వాకిట్లోనే నిలబెట్టి తడిగుడ్డతో తల తుడిచి, యంత్రాల నూనె వాసన పోయేదాకా సబ్బు రుద్దుకొమ్మని చెంబు చేతికిచ్చేది. ఎంత రుద్దినా ఆ వాసన పోయేది కాదు. మా దుప్పట్లకూ, బాపు బైబిలు అట్టకూ, చివరికి మేం తినే రొట్టెకూ కూడా అది కొద్దిగా అంటుకొనే ఉండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. సైరను మోగితే పొయ్యి వెలిగేది, ఇంకోసారి మోగితే ఆరేది. మా ఇంట్లో గడియారం లేదు, దాని అవసరమూ రాలేదు.

ఆదివారం మాత్రం మిల్లుది కాదు. గుడి నుంచి రాగానే అమ్మ మాంసం కూర పొయ్యి మీద పెట్టేది. అది ఉడికేలోగా అరుగు మీద సభ మొదలయ్యేది. మిల్లు గేటు దగ్గర చాయ్ హోటల్ నడిపే రహీం చాచా ఒక పెద్ద కెటిల్‌తో వచ్చేవాడు. తొర్రూరు దిక్కు నుంచి వచ్చి మిల్లులో చేరిన మల్లయ్య మామ, ఊళ్లో ఉన్న రెండెకరాలు తమ్ముడికి వదిలేసి వచ్చినవాడు, తెల్ల ధోతి కట్టుకొని గోడకు ఆనుకొని కూర్చునేవాడు. ఏదైనా గట్టిగా చెప్పదలిస్తే నోట్లోని బీడీ తీసి చెవి సందున పెట్టుకునేవాడు. బీడీ చెవి మీదికి వెళ్లిందంటే ఇక కనీసం పావుగంట ఎవరికీ మాట దొరకదు. బాపు చింతగింజలు పరిచి ఫుట్‌బాల్ టీంలోని పదకొండు మందినీ ఎవరి చోట వాళ్లను నిలబెట్టేవాడు. రోట్లో వెయ్యడానికి దాచుకున్న గింజలు పోతున్నాయని అమ్మ లోపలి నుంచి గొణిగేది. కలకత్తా క్లబ్బుల నుంచి కాజీపేట రైల్వే వాళ్ల గోల్‌కీపర్ దాకా వాళ్లు తీర్పు చెప్పని మనిషి ఉండేవాడు కాదు. కానీ తిరిగి తిరిగి మాట మా మిల్లు టీం మీదికే వచ్చేది.

మా టీంకు మేనేజరు స్టోర్సు గుమాస్తా. జీవితంలో బంతిని కాలితో ముట్టినవాడు కాదు. ఎండైనా వానైనా గీత పక్కన గొడుగు వేసుకొని నిలబడేవాడు. ఆయన్ని తీసెయ్యాలన్న తీర్మానం మా అరుగు మీద ప్రతి ఆదివారమూ ఏకగ్రీవంగా నెగ్గేది. సోమవారం ఆయన గొడుగు మళ్లీ అక్కడే ఉండేది.

"పెద్ద సేఠ్‌కు ఆటంటే పానం," అన్నాడు ఒకసారి మల్లయ్య మామ. "కొడుకులకు మాత్రం క్రికెట్ పిచ్చి. ఆయన కన్నుమూస్తే మన టీం గతేంది?"

"మిల్లు సేఠ్‌ది. టీం మనది," అన్నాడు బాపు.

"బూట్లు ఎవరు కొనిస్తాండ్రు జోసెఫ్ భాయ్?" అన్నాడు రహీం చాచా.

"కాళ్లు ఎవరియి?" అన్నాడు బాపు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. లోపల ఉల్లిగడ్డలు కోస్తూ విన్న ఆ మాట నాకు గొప్పగా తోచింది. వారం రోజులు మనసులో అదే అనుకున్నాను.

ఆ కాళ్లలో అన్నిటికంటే మంచివి దానియేలువి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లెలో తల్లి కూలికి పోయేది, తండ్రి లేడు. మిషన్ హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివాడు. మా పాస్టరు గారి చీటీ పట్టుకొని బాపు దగ్గరికొస్తే బాపు మిల్లులో పెట్టించాడు. బద్లీగా, అంటే ఎవరైనా పనికి రానిరోజున వాళ్ల బదులు పనిచేసే మనిషిగా. పొద్దున గేటు దగ్గర నిలబడాలి, పిలిస్తే లోపలికి పోవాలి, పిలవకపోతే తిరిగి రావాలి. పిలవని రోజుల్లో అతను గ్రౌండులోనే ఉండేవాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. బంతి కాలికి తగిలితే మాత్రం ఎదుటి వాళ్లు ఎటు కదలబోతున్నారో వాళ్లకంటే ముందే అతనికి తెలిసినట్టుండేది. ఆదివారాలు మా ఇంట్లోనే తినేవాడు. నన్ను చెల్లె అనేవాడు, బాపును పెద్దబాపు అనేవాడు. తన గురించి అంత వాదన జరుగుతుంటే కంచంలోంచి తల ఎత్తేవాడు కాదు.

ఒక చలికాలం కాజీపేట వాళ్లతో ఆట జరిగింది. దానియేలు రెండు గోల్సు కొట్టాడు. ఆట అయ్యాక హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి రహీం చాచా హోటల్లో కూర్చొని అతన్ని పిలిపించాడు. అక్కడ ఏదో సర్కారు డిపార్టుమెంటు టీంకు కోచ్. మా టీంలో ఆడితే నౌకరీ ఇప్పిస్తాం, ఉండటానికి గది ఇస్తాం, సంక్రాంతిలోగా జవాబు రాయి అని చెప్పి, చిరునామా ఉన్న కాగితం ఇచ్చి వెళ్లాడు. ఆ సాయంత్రమే మా అరుగు నిండిపోయింది. ఆదివారం కాకపోయినా అందరూ వచ్చారు.

ఆ తర్వాతి మూడు వారాలు మా ఇంట్లో జరిగిన చర్చ లాంటిది నేను మళ్లీ ఎక్కడా వినలేదు. ఎండాకాలంలో జిల్లా టోర్నమెంటు ఉంది. ఆ కప్పు మా మిల్లుకు ఎన్నడూ రాలేదు. దానియేలు లేకుంటే ఇక రాదు. మల్లయ్య మామ బీడీ చెవి మీద పెట్టుకొని, హైదరాబాదులో ఇలాంటి వాళ్లు గల్లీకి పదిమంది ఉంటారని, అక్కడ ఇతన్ని బెంచీ మీద కూర్చోబెడతారని, ఇక్కడైతే రాజని వివరంగా చెప్పాడు. రహీం చాచా మాత్రం కెటిల్ మూత తీస్తూ పెడుతూ, "పోరడు పోతె పోనియ్యరాదు. బద్లీ బతుకు ఎన్నొద్దులు?" అన్నాడు. అందరూ ఆయన మీద లేచారు. ఆయన కొంచెం నవ్వి ఊరుకున్నాడు. అంతకంటే గట్టిగా చెప్పి ఉండాల్సిందని తర్వాత ఆయనే చాలాసార్లు అనుకున్నాడు.

బాపు తన పాత కోటు వేసుకొని వెల్ఫేర్ ఆఫీసరు దగ్గరికి వెళ్లాడు. దానియేలును పర్మినెంటు చెయ్యమని దరఖాస్తు. దాన్ని రాసింది నేనే, నా దస్తూరీ బాగుంటుందని. ఆఫీసరు చదివి, టోర్నమెంటు కానివ్వు జోసెఫ్, కప్పు తెస్తే సేఠ్ గారు కాదనరు, ఆర్డరు నేనే చేతికిస్తాను అన్నాడు. ఆ మాట పట్టుకొని బాపు పొంగిపోతూ వచ్చాడు. తిన్న తర్వాత దానియేలును ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"పెద్దబాపు, నువ్వేమంటవ్?" అని అడిగాడు దానియేలు. ఆ మూడు వారాల్లో అతను నోరు తెరిచి ఆ సంగతి మాట్లాడింది అదే.

"ఉండు కొడకా. ఆర్డర్ వస్తది. ఫికర్ జెయ్యకు. ఇంటి కాడ ఉన్నట్టుంటవ్."

అమ్మ వంటింటి గడపలో నిలబడింది. "వాని బతుకు వాన్ని జూసుకోనియ్యరాదు? మీ ఆట కోసం వాన్ని ఆపుతాండ్రు," అంది. బాపు వెనక్కి తిరిగి చూడలేదు. "నీకు తెల్వదు," అన్నాడు.

హైదరాబాదుకు జవాబు కూడా నేనే రాశాను, ఇంగ్లీషులో. దానియేలు నా పక్కన పీట మీద కూర్చున్నాడు. మీరు చూపిన దయకు కృతజ్ఞుణ్ని, ప్రస్తుతం రాలేను అని రాసి, కింద సంతకం పెట్టమని కలం ఇచ్చాను. అతను చాలాసేపు కలం పట్టుకొని కూర్చున్నాడు. "చెల్లె, జర ఆగుదామా?" అన్నాడు. నేనేమనాలో తెలియక బాపు వైపు చూశాను. బాపు పేపరు చదువుకుంటున్నాడు. దానియేలు కూడా అటు చూసి, సంతకం పెట్టాడు. ఆగుదాం అనడానికి నాకు ఒక్క మాట చాలు. పద్దెనిమిదేళ్లు కూడా నిండని నేను, నలుగురు పెద్దమనుషులు తేల్చిన దాంట్లో వేలు పెట్టడమేమిటనుకున్నాను. పొద్దున కాలేజీకి పోతూ ఆ కవరు డబ్బాలో వేసింది కూడా నేనే.

ఎండాకాలంలో కప్పు మాకే వచ్చింది. అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఫైనల్లో ఒకటే గోలు, దానియేలు కొట్టిందే. ఎడమ పక్క నుంచి బంతితో ఇద్దరిని దాటి, గోల్‌కీపర్ ముందుకొచ్చేదాకా ఓపిక పట్టి, పక్క నుంచి మెల్లగా లోపలికి తోశాడు. మల్లయ్య మామ ధోతి చిరిగింది, ఎలా చిరిగిందో ఆయనకే తెలియదు. గొడుగు మేనేజరును కూడా భుజాల మీద ఎత్తుకున్నారు. అమ్మ ఆ రోజు దానియేలుకు దిష్టి తీసింది, పాస్టరు గారికి తెలిస్తే ఏమంటారో అని తలుపేసి మరీ తీసింది. బాపు అంత నవ్వగా నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆర్డరు రాలేదు. నెలకు ఒకసారి బాపు కోటు వేసుకొని వెళ్లేవాడు. ఫైలు పైకి పోయింది అనేవాడు ఆఫీసరు. వానలు మొదలయ్యాక పెద్ద సేఠ్ పోయాడు. దసరా దాటేలోగా కొడుకులు మిల్లును బొంబాయి కంపెనీకి అమ్మేశారు. మాకు ఆ సంగతి నోటీసు బోర్డు మీద తెలిసింది. ఇంకో పదిహేను రోజులకు మరో నోటీసు వచ్చింది. ఆటల విభాగం ఎత్తివేయడమైనది, గ్రౌండు దూది బేళ్లు నిలవ చెయ్యడానికి తీసుకోవడమైనది, బద్లీ వాళ్లను తదుపరి ఉత్తర్వుల దాకా పిలవబోము అని మూడే వాక్యాలు.

బాపు, మల్లయ్య మామ, ఇంకొందరు కలిసి మిల్లు కొత్త మేనేజరు దగ్గరికి వెళ్లారు. తిడతాడని, గెంటిస్తాడని అనుకొని గట్టిగా సిద్ధపడి వెళ్లారు. అతను కుర్రవాడు. లేచి నిలబడి అందరికీ కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. చెప్పిందంతా విన్నాడు. తను కూడా కాలేజీలో ఫుట్‌బాల్ ఆడానన్నాడు. "నా చేతుల్లో ఏమీ లేదండీ, బొంబాయి వాళ్ల నిర్ణయం," అన్నాడు. బొంబాయిలో ఎవరిని అడగాలని బాపు అడిగితే, నిజంగా తనకూ తెలియదని చెప్పాడు. ఇంటికొచ్చి బాపు చెప్పిన మాట నాకు గుర్తుంది. "తిడితే మంచిగుండె బిడ్డా. తిరిగి తిట్టెటోన్ని. మంచిగ మాట్లాడిండు." బొంబాయికి నేను రాసిన దరఖాస్తు మీద నూట నలభై మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. దానికి జవాబు రాలేదు. ఆ నౌకరీ ఇంకా ఉందా అని హైదరాబాదు కోచ్‌కు మళ్లీ రాసిన ఉత్తరానికి మాత్రం వారంలోనే కార్డు వచ్చింది. ఆ స్థానం నిండిపోయినందుకు విచారిస్తున్నామని, ఆటగాడికి మంచి భవిష్యత్తు కోరుతున్నామని. ఆ కార్డును దానియేలుకు చదివి వినిపించింది కూడా నేనే. విని, "మంచోడు చెల్లె, జవాబు రాసిండు," అన్నాడు.

దానియేలు ఇంకో రెండు నెలలు పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాడు. తర్వాత ఒక ఆదివారం మా ఇంటికి రాలేదు. అమ్మ అతని వంతు కూర గిన్నెలో తీసి మూతపెట్టింది. సాయంత్రం దాకా చూసి మాకే పెట్టింది. ఊరికి వెళ్లిపోయాడని రహీం చాచా చెప్పాడు. అరుగు మీదికి ఆ తర్వాత కూడా మనుషులు వచ్చేవాళ్లు. వానల సంగతి, ధరల సంగతి మాట్లాడుకొని లేచిపోయేవాళ్లు. బాపు పేపరులో ఆటల పేజీ మడిచి పక్కన పెట్టేవాడు.

ఇప్పుడు మడికొండలో మా చెల్లెలి మనవడు, అతని స్నేహితులు విదేశీ క్లబ్బుల చొక్కాలు వేసుకొని తిరుగుతారు. ఎవరు ఏ టీంకు పోతున్నాడో, ఏ క్లబ్బును ఏ దేశపు ధనవంతుడు కొన్నాడో, ఏ మేనేజరును తీసెయ్యాలో ఫోన్లు పట్టుకొని పొట్లాడుకుంటారు. వాళ్ల గొంతులు వింటే మా అరుగే గుర్తొస్తుంది. తేడా ఒకటుంది. తమ మాట అక్కడెవరికీ వినిపించదని వాళ్లకు తెలుసు, అయినా హాయిగా అరుచుకుంటారు. మా వాళ్లు అలా అనుకోలేదు. టీం పక్కనే ఉంది, గోడ అవతలే ఆడుతుంది, కాబట్టి అది తమదేననుకున్నారు. సేఠ్ వినలేదు, ఆఫీసరు వినలేదు, బొంబాయి వినలేదు. అన్నేళ్ల చర్చల్లో వాళ్ల మాట విన్నవాడు ఒక్క దానియేలే. విన్నందుకు అతని బతుకు అక్కడే ఆగిపోయింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియదు. అందరూ అతన్ని ప్రేమించినవాళ్లే.

దానియేలు వెళ్లిపోయాక వచ్చిన ఎండాకాలంలో బాపు నన్ను వెంటబెట్టుకొని ఘన్‌పూర్ వెళ్లాడు. దానియేలు స్టేషను దగ్గర లారీలోకి వడ్ల బస్తాలు ఎత్తుతున్నాడు. మమ్మల్ని చూసి బస్తా దింపి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మెడ మీద చర్మం కమిలి ఉంది. మమ్మల్ని నీడకు తీసుకుపోయి, సోడాలు తెచ్చి ఇచ్చాడు. బాపు సోడా చేతిలో పట్టుకొని నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. చెప్పాలనుకున్నదంతా రైల్లో మనసులో కూర్చుకునే వచ్చాడు. చివరికి, "నేను జెప్పకుంటె..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"నువ్వు జెప్పినవని ఉండలే పెద్దబాపు," అన్నాడు దానియేలు. "నాకే పోబుద్ధిగాలే. హైదరాబాదుల నాకెవరున్నరు?"

బాపు తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. నమ్మాలనుకుంటున్న మనిషి చూపు అది. "నిజంగనా?" అన్నాడు.

"నిజంగ," అన్నాడు దానియేలు. నా వైపు మాత్రం చూడలేదు.

బాపు సోడా తాగాడు. లారీ వాళ్లు పిలిస్తే దానియేలు లేచి వెళ్లి బస్తా వీపుకెత్తుకున్నాడు. తిరుగు రైల్లో బాపు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన అలా నిద్రపోవడం చూశాను. లేపి, సంతకానికి ముందు దానియేలు ఆగుదామా అన్న నిజం చెప్పాలా వద్దా అని నేను కాజీపేట దాకా ఆలోచించాను. చెప్పలేదు. ఆయన బతికినంతకాలం చెప్పలేదు.